ఎండ పెట్టె

ఆ రోజు పొద్దున డ్రైవరు టీ తాగి, గ్లాసు బోర్లించి, భార్యతో ఒక్క మాట అన్నాడు.

"ఆదివారానికి వెనక గది వెచ్చబడుతుంది."

"ఎలాగండీ?"

"పడుతుంది."

అంతకంటే వివరం అతని దగ్గర దొరకదు. సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా హారన్లూ ప్రయాణికుల కేకలూ విన్నాక ఇంట్లో కూడా నోరు తెరవడం దండగ అనుకునే రకం.

వెనక గది ఉత్తరం వైపు ఉంది. చలికాలంలో అందులో తువ్వాలు ఆరేస్తే మర్నాటికి అట్టలా బిగుసుకుపోతుంది. హీటరు పెడదామంటే పాత వైర్లు, పెట్టగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకే మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు చలికాలమంతా పెద్ద కూతురింట్లోనే గడుపుతుంది. అక్కడ గదిగదికీ హీటరు ఉంది.

అత్తగారంటే జడుసుకునే అల్లుళ్ళు చాలామంది ఉంటారు. ఇతను ఆవిడ రాకపోతే బెంగపడతాడు. కారణం పేకాట. ఆవిడ ఆడినంత అన్యాయంగా ఎవరూ ఆడరు. మంచి ముక్కల్ని శాలువా కింద దాస్తుంది. అతను చూసీ చూడనట్టు ఊరుకుని, తనూ ఒకటి తొడ కింద దాస్తాడు. ఇద్దరికీ అదొక సంబరం. ఈసారి ఆవిడ ఫోన్లో తేల్చి చెప్పేసింది. "ఆదివారం వస్తాను. గది వెచ్చగా ఉంటే ఉంటాను అల్లుడూ. లేదా, వచ్చిన కారులోనే తిరిగి వెళ్ళిపోతాను. ఈ మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి."

ఉపాయం డిపో మెకానిక్కు చెప్పాడు. ఖాళీ రేకు డబ్బాలు పైనా కిందా కోసి, ఒకదానికొకటి అతికిస్తే గొట్టాలవుతాయి. వాటికి నల్లరంగు పూసి, చెక్క పెట్టెలో పేర్చి, పైన గాజు బిగించి ఎండలో పెట్టాలి. లోపలి గాలి కాగుతుంది. చిన్న ఫ్యాను ఆ గాలిని పైపులోంచి గదిలోకి తోస్తుంది. ఖర్చు లేదు, కరెంటు బిల్లూ లేనట్టే.

డబ్బాలకు కరువే లేదు. చివరి ట్రిప్పు అయ్యేసరికి బస్సు సీట్ల కింద దొర్లుతూనే ఉంటాయి. డ్రైవరు వాటిని బస్తాకెత్తి ఇంటికి మోసుకొచ్చాడు. అందులో నూటికి తొంభై బీరు డబ్బాలు. అతనికి వాటి రేకు కనిపించింది. చూసినవాళ్ళకి వాటి మీది బొమ్మ కనిపించింది.

ముందుగా చూసింది పక్కింటి దర్జీ ఆవిడ. రెండిళ్ళకీ గోడ ఒకటే, కప్పు ఒకటే. భర్త పోయాక ఒంటరిగా ఉంటూ పరదాలు కుట్టుకుంటుంది. తెల్లవారుజామున పెరట్లో డ్రైవరు బీరు డబ్బాలు కడుగుతుంటే చూసి, గోడ మీదుగా అతని భార్యని పిలిచింది.

"అమ్మాయ్, ఎప్పట్నించీ?"

"ఏది అక్కా?"

"దాచకు. మా ఆయన తాగి సీసాలు పారేసేవాడు. మీ ఆయన మరీ శుభ్రం, కడిగి పెట్టుకుంటున్నాడు."

భార్య లోపలికెళ్ళి మొగుణ్ణి అడిగింది. "ఏమిటండీ ఆ బస్తాలు?"

"పనుంది."

ఆ రాత్రి అతను నిద్రపోయాక ఆవిడ వాసన చూసింది. డీజిలు వాసన తప్ప ఏమీ రాలేదు. దాంతో భయం ఇంకా పెరిగింది. వాసన కూడా రానంత నేర్చాడన్నమాట! పొద్దున్నే అక్కకి ఫోను చేసి ఏడ్చింది. అక్క మొగుడికి చెప్పింది. తోడల్లుడు పేరు చెప్పకుండా డిపోకి ఫోను చేసి, శ్రేయోభిలాషినన్నాడు.

డిపో మేనేజరు డ్రైవరుని పిలిచి ఊదే మిషను చేతిలో పెట్టాడు.

"ఊదు."

డ్రైవరు ఎందుకని కూడా అడగకుండా ఊదాడు. సున్నా వచ్చింది.

"మిషను పాడైనట్టుంది," అని మేనేజరు తను ఊది చూశాడు. అది కుయ్యిమంది. మిషను బాగానే ఉంది. మేనేజరు గొంతు సవరించుకుని, "దగ్గు మందు వేసుకున్నానయ్యా. పో, బండి తియ్యి," అన్నాడు. ఆ తర్వాత ఆ మిషను బీరువాలోంచి బయటికి రాలేదు.

దర్జీ ఆవిడది మెత్తని మనసు. రోజూ పొద్దున గోడ మీదుగా నిమ్మరసం అందించేది. "తాగు బాబూ, తల దిమ్ము దిగుతుంది." డ్రైవరుకి దిమ్మేమీ లేదు. కానీ ఇచ్చిన దాన్ని వద్దనడానికి నాలుగు మాటలు కావాలి, తాగడానికి అక్కర్లేదు. తాగేశాడు.

పెట్టె తయారైంది. ఇక గాజు కావాలి. డ్రైవరు వెనక గదిలో నిలబడి కిటికీ వైపు చూశాడు. ఉత్తరం కిటికీ. ఎండ మొహం ఎరగదు. ఉండి ఏం లాభం? గాజు రెక్కలు రెండూ ఊడదీసి పెట్టెకి బిగించి, కిటికీకి చెక్క అడ్డం కొట్టాడు. చెక్క సందుల్లోంచి గాలి ఈలలేస్తూ వచ్చింది.

"గది వెచ్చగా చేస్తానని కిటికీ పీకారేమిటండీ?" అంది భార్య.

"దానికే."

ఆవిడ కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి పోయింది. మనిషి పూర్తిగా చెడిపోయాడని ఖాయం చేసుకుంది.

ఆదివారం మంచి ఎండ కాసింది. డ్రైవరు పెట్టెని దక్షిణం వాలు పెంకుల మీదికెక్కించి కట్టేశాడు. పైపు అటకలోంచి వెనక గది మీదికి తేవాలి. అటక రెండిళ్ళకీ కలిపి ఒకటే, నడుమ గోడ అంత ఎత్తు లేవలేదు. అతను టార్చి వేసుకుని పాకుతూ వెళ్ళాడు. సగం దారిలో టార్చి ఆరిపోయింది. చీకట్లో పైపు లాగడానికి ఒకసారి ఇటు తిరిగాడు, చిక్కు విప్పడానికి ఒకసారి అటు తిరిగాడు. ఆ తర్వాత తను ఎటు తిరిగి ఉన్నాడో అతనికి తెలియలేదు. తెలుసనే అనుకున్నాడు. సీలింగు చెక్కకి చిల్లు పొడిచి పైపు దూర్చి, ఫ్యాను తిప్పాడు. గాలి బుస్సుమంది.

అప్పుడే అత్తగారిని తీసుకుని తోడల్లుడి కారు వాకిట్లో ఆగింది.

డ్రైవరు గబగబా దిగాడు. మొహం నిండా నల్లరంగు, దుమ్ము పడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముడుచుకు కూర్చోవడంతో కాళ్ళు తిమ్మిరెక్కి, నిచ్చెన దిగీ దిగగానే తూలి తలుపు పట్టుకున్నాడు.

"చూశారా అత్తయ్యా!" అన్నాడు తోడల్లుడు. "పట్టపగలు!"

అత్తగారు అల్లుణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "ఏం అల్లుడూ, గది వెచ్చబడిందా?"

"ఆఁ, రండి."

అందరూ వెనక గదిలోకి నడిచారు. గది ఐసు పెట్టెలా ఉంది. కిటికీ లేదు. పైన చిల్లూ లేదు, పైపూ లేదు. డ్రైవరు నోరు తెరుచుకుని సీలింగు వైపు చూశాడు. మూల మూలా వెతికాడు.

"ఇక్కడే పొడిచాను," అన్నాడు.

"ఏం పొడిచావు తమ్ముడూ?" అన్నాడు తోడల్లుడు జాలిగా.

"చిల్లు."

"చిల్లు పోయిందా? ఎవరైనా ఎత్తుకుపోయారేమో. పదండి అత్తయ్యా, ఈ చలిలో ఉన్న కొద్దీ మోకాళ్ళు పట్టేస్తాయి."

అత్తగారు నిట్టూర్చింది. "నాకూ ఉండాలనే ఉందయ్యా," అంది అల్లుడితో. చేతిసంచీలో కొత్త పేక కట్ట పైకి కనిపిస్తోంది. డ్రైవరు ఆ కట్ట వైపు చూశాడు. జన్మలో మొదటిసారి ఎక్కువ మాట్లాడదామనుకున్నాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తోడల్లుడు అత్తగారి బట్టల పెట్టె మళ్ళీ కారులో పెట్టాడు.

సరిగ్గా అప్పుడు దర్జీ ఆవిడ పరిగెత్తుకొచ్చింది. కుట్టిన పరదాలు ఇచ్చి అప్పుడే ఇంటికొచ్చినట్టుంది. నుదుటి మీద చెమట, చేతిలో విసనకర్ర.

"డ్రైవర్ బాబూ, మా ఇంటి కప్పులోంచి గొట్టమొకటి దిగింది! వేడి గాలి కొడుతోంది. కుట్టుమిషను మీదంతా చెక్కపొట్టు! తలుపు తీస్తే మొహం కాలినంత పనైంది!"

అందరూ పక్కింటికి పరిగెత్తారు. ఆ గదిలో కాలుపెట్టగానే అత్తగారు శాలువా తీసేసింది. పైపు కింద కుర్చీ జరుపుకుని కాళ్ళు చాపింది. కళ్ళు మూసుకుంది. తోడల్లుడు పైకెక్కి పెట్టె చూసొచ్చి కోటు విప్పాడు. భార్య మొగుడి వైపు చూసింది.

"ముందే చెప్పి ఉండొచ్చుగా? వారం రోజులు ఏడ్చానండీ!"

"ఎందుకు?" అన్నాడు డ్రైవరు.

ఆవిడ కొంగుతో అతని మొహం మీది నల్లరంగు తుడిచింది.

"సాయంత్రానికల్లా పైపు మా గదిలోకి మార్చేస్తాను," అన్నాడతను, తప్పు దిద్దుకోవాలని.

"ముట్టుకున్నావంటే ఊరుకోను!" అంది దర్జీ ఆవిడ. "నా కప్పుకి పొడిచిన చిల్లు, నాది. అమ్మగారూ, రెండో మంచం ఖాళీగా ఉంది. మీరు ఇక్కడే ఉండిపోండి. నాకూ తోడుంటుంది. పేక వచ్చా మీకు?"

అత్తగారు ఒక కన్ను తెరిచింది. "ఏదో, కొంచెం."

సాయంత్రానికి తేలిందేమంటే, దర్జీ ఆవిడ కూడా ముక్కలు దాస్తుంది. రాత్రి చలి కమ్మినా, పగలంతా గోడలు దాచుకున్న వెచ్చదనం ఇద్దరికీ సరిపోయింది. తోడల్లుడు ఒంటరిగా కారెక్కాడు.

డ్రైవరు ఆ చలికాలమంతా డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుని, వీలైతే పళ్ళు పట్టుకుని పక్కింటి తలుపు తట్టేవాడు. లోపలి నుంచి "అల్లుడుగారొచ్చారు, తలుపు తియ్యి," అని అత్తగారి గొంతు వినిపించేది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అతనికి గోడ పక్కనే అత్తారిల్లు దొరికింది.