గంజి తాగిన తూము

ఇంట్లో తూము పూడుకుపోయిందని ఏడ్చేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. అయ్యా, అది అదృష్టమండీ! పెట్టిపుట్టినవాళ్ళకే పూడుకుంటుంది.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. చదువంటారా, మా ఊరి బడిలో ఎంతుందో అంతే. కానీ రెండేళ్ళ కిందట పెంకుటిల్లు పడగొట్టి, డాబా వేసి, వంటింట్లో స్టీలు సింకు పెట్టించాను. అప్పటి నుంచి నెలకోసారి తూము ముందు గొంతుక్కూర్చుంటున్నాను. అక్కడ కూర్చుని గమనించిన సంగతులే చెబుతున్నాను.

మా బావమరిది హరిబాబు పదిరోజులుందామని పెట్టెతో దిగాడు. స్నానానికి వెళితే చీలమండ దాకా నీళ్ళు. ఆ నీళ్ళలో పొద్దున్న మేం తిన్న ములక్కాడ పిప్పి ఈదుతోంది. మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు. ఇంత మర్యాదగా చుట్టాన్ని పంపించే ఉపాయం ఇంకోటి ఉందా?

సైకిలు పుల్ల, వెదురుబద్ద, పాత గొడుగు ఊచ అన్నీ గొట్టంలో ఆడించి ఆడించి నా భుజాలు గట్టిపడ్డాయి. ఒకసారి బజారు నుంచి ఏదో పొడి తెచ్చి పోశాను. బుసబుసా పొంగింది. ఆ ఘాటుకు దోమలతో సహా అందరం వీధిలోకి పరిగెత్తాం. వీధిలో ఇరుగుపొరుగు కనబడ్డారు! టీవీ వచ్చాక వాళ్ళ మొహాలు చూసి ఎన్నాళ్ళయిందో!

అన్నిటికంటే పెద్ద సుఖం, నేరం చేసిందెవరని వెతకనక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక కోడలుంటుంది కదా!

మా కోడలు దుర్గాశ్రీకి నడుము దాటిన జడ. స్నానాలగది నీళ్ళూ వంటింటి నీళ్ళూ పెరట్లో ఒకే గొట్టంలో కలుస్తాయి. ఇంకేం సాక్ష్యం కావాలి?

"ఆ జుట్టేనండీ" అంది మా ఆవిడ చిట్టెమ్మ.

"అదే" అన్నాను నేను. తక్కువ మాట్లాడేవాడి మాట కదా, తీర్పయిపోయింది. మావాడు తల్లికీ పెళ్ళానికీ మధ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ పిల్ల పెరట్లో గోనెపట్టా చాటున తలంటుకోవడం మొదలుపెట్టింది. రాలిన ప్రతి వెంట్రుకా ఉండచుట్టి అత్తగారికి చూపించేది. అయినా తూము పూడుతూనే ఉంది. "ఇంకా ఎక్కడో దాస్తోంది" అంది మా ఆవిడ. ఆ మాటకు దుర్గాశ్రీ బట్టలు సర్దుకుంది. పాలకొల్లులో పుట్టింటికి పోతానంది. మళ్ళీ రానంది.

సరిగ్గా అప్పుడే కొవ్వూరు నుంచి ప్లంబరు జయపాల్ వచ్చాడు. పెరట్లో గొట్టం కోశాడు. పంచనామా సాక్షుల్లా చుట్టూ నిలబడ్డాం. దుర్గాశ్రీ కూడా సంచీ పట్టుకునే నిలబడింది.

తెల్లగా, జిగురుగా, జున్నుముక్కలాంటిది జారిపడింది.

"జుట్టేదండీ? ఇది గంజండి బాబూ! దీంతో కొవ్వూరు గోడలన్నిటికీ సినిమా పోస్టర్లు అంటించొచ్చండి. రోజూ అన్నం వార్చి సింకులో పోస్తున్నారేంటండి?"

"మరెక్కడ పొయ్యమంటావు?" అంది మా ఆవిడ.

"గేదెనెప్పుడు అమ్మేశారండి?"

మా ఆవిడ నా వైపు తిరిగింది.

"సింకు పెట్టించినోళ్ళు ముందు చేసే పని అదేనండి. కుడితి తొట్టి పగలగొట్టేస్తారు, ఆ గంజీ కడుగూ గొట్టాన్ని తాగమంటారు. అది తాగుద్దా? తాగినా పాలిస్తాదేంటండి?"

డాబా ముందు పేడేమిటని గేదెను అమ్మింది నేను. తొట్టి పగలగొట్టించిందీ నేనే. గొట్టంలో అడ్డుపడింది నా దర్జా! అందుకేనండీ, తూము పూడాలి. ఇంటి పెద్ద చెప్పని నిజం అదే కక్కుతుంది.

సింకు మూతికి జాలీ పెట్టమని చెప్పి వెళ్ళాడు జయపాల్. "అదే" అన్నప్పుడు నా నోటికి ఒకటి పెట్టినవాడు లేడు.

తప్పయిపోయిందమ్మా అని కోడలితో అనడం మా వంశంలో మగాళ్ళకు రాదు. బళ్ళోనూ నేర్పలేదు. ఆ పూటకి బస్సు తప్పిపోయింది, సంచీ మాత్రం గుమ్మం దగ్గరే ఉంది. అందుకని తెల్లారగానే సంతకు వెళ్ళి పాడిగేదెను తోలుకొచ్చాను. సిమెంటు తొట్టి ఒకటి బండిమీద వేయించుకొచ్చాను.

దుర్గాశ్రీ సంచీ వైపు చూసింది, గేదె వైపు చూసింది. లోపలికెళ్ళి గంజిగిన్నె తెచ్చి తొట్టిలో ఒంపింది. గేదె వీపు నిమిరి, అరచెయ్యి నా ముందు చాపింది. నాలుగు నల్ల వెంట్రుకలు.

"మావయ్యగారండీ, దీనికీ జుట్టు రాలుతోందండి. ఈసారి తూము పూడితే మా ఇద్దరిలో ఎవర్ని పుట్టింటికి పంపుతారు?"