లేదనని లైబ్రరీ

"ఇవాళ్టి నుంచి మా విద్యార్థికి 'లేదు' అనే మాట వినపడదు!"

డాక్టర్ రఘుపతి గారు ఇలా ప్రకటించగానే మా కాలేజీ లైబ్రరీ చప్పట్లతో దద్దరిల్లింది. గోడ మీది 'నిశ్శబ్దం' బోర్డు కూడా కాస్త ఊగింది.

రఘుపతి గారు మా వార్డు కార్పొరేటర్, కాలేజీ కమిటీ చైర్మన్. రింగ్ రోడ్‌లో చీరల హోల్‌సేల్ షాపు. ఆయన పేరు ముందు 'డాక్టర్' మర్చిపోయిన ప్యూన్ ఇప్పుడు ఎక్కడో ఊరవతల బార్డోలీ బ్రాంచిలో ఉన్నాడు. లైబ్రరీ గుమ్మం పక్కన జిరాక్స్ షాపు నాది కాబట్టి ఈ చరిత్రకు నేను సాక్షిని.

ఆ రోజు ప్రారంభించింది ఒక ఏఐ లైబ్రేరియన్‌ని. పేరు జ్ఞానేశ్వరి. ఏ పుస్తకం అడిగినా ఏ బీరువాలో ఉందో చెబుతుంది. దాన్ని తెచ్చిన ఇంజినీరు ప్రణయ్ నసిగాడు.

"సర్, లేని పుస్తకానికి 'లేదు' అని చెప్పే సెట్టింగ్ ఒకటుంది..."

"బంద్ చెయ్యి. ముప్పై ఏళ్ల వ్యాపారంలో షాపుకొచ్చిన గిరాకీకి 'లేదు' అన్నది లేదు నేను. 'ఉంది, కూర్చోండి' అనాలె. చాయ్ తాగేలోపల పక్క షాపు నుంచి మాల్ తెప్పించాలె. మార్కెట్ మొత్తం గట్లనే నడుస్తది."

ప్రణయ్ బంద్ చేశాడు. తొలి ప్రశ్న చైర్మన్ గారిదే.

"నా పీహెచ్‌డీ థీసిస్ ఉందా?"

"ఉంది. ఏడో బీరువా, రెండో అర," అంది జ్ఞానేశ్వరి.

మళ్లీ చప్పట్లు. ఏడో బీరువా దాకా వెళ్లి చూసే అవిశ్వాసి ఆ సభలో ఒక్కడూ లేడు.

మర్నాటి నుంచి విద్యార్థులు క్యూ కట్టారు. జ్ఞానేశ్వరి దేనికీ లేదనలేదు. లైబ్రేరియన్ జమున మాత్రం బీరువాల మధ్య తిరిగి తిరిగి వచ్చి, "లేదమ్మా" అనేది. నెల తిరిగేసరికి అలా దొరకని పుస్తకాలు మూడు వందల పన్నెండు.

చైర్మన్ గారు విచారణ జరిపించారు. "మెషిన్ అబద్ధమాడదు. దానికి చుట్టాలు లేరు. మరి పుస్తకాలు ఎవరు తిన్నట్టు?"

"సార్, ఆ పుస్తకాలు అసలు ఎవరూ రాయనే లేదు," అంది జమున.

"చూశారా! రాయని పుస్తకాలు కూడా పోగొట్టిందంటే నిర్లక్ష్యం ఎక్కడిదాకా పోయిందో!"

ఆ తర్కానికి కమిటీ లేచి నిలబడింది. జమున సస్పెండ్. పదకొండేళ్లు టెంపరరీగా పనిచేసింది. పర్మనెంట్ కావడానికి ఇంకో నెలే ఉంది. ఆర్డర్ కాపీలు నేనే తీశాను.

ఆ వారమే చైర్మన్ గారి ప్రెస్ మీట్. జమున వెంట ఆమె భర్త సాంబయ్య వచ్చాడు. పల్సానాలో మగ్గం మిల్లులో పని. చొక్కా మీది పోగులు కూడా దులుపుకోలేదు.

"నమస్తే సారూ. మా మిల్లుల మగ్గం, గదే సాంచె, పోగు తెగితే టక్కున ఆగుతది. మీ మిషిన్ పోగే లేకున్నా బట్ట నేస్తనే ఉన్నదేంది? 'లేదు' అనేది బంద్ వెట్టిండ్రట గదా, జర చాలూ జేసి సూడుండ్రి. నా పెండ్లాం దొంగైతే నేనే పోలీస్ చౌకీల అప్పజెప్త."

విలేఖరుల కలాలు లేచాయి. చైర్మన్ గారు పెద్ద మనసుతో నవ్వారు. "చాలూ చెయ్యి ప్రణయ్. పారదర్శకతే నా పాలసీ."

ప్రణయ్ దొరకని పుస్తకాల పేర్లు ఒక్కొక్కటే చదివాడు.

"లేదు. లేదు. లేదు." జ్ఞానేశ్వరి గొంతులో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు. మూడు వందల పన్నెండూ లేవు.

జమున కళ్లు తుడుచుకుంది. చైర్మన్ గారు వెంటనే ఆమెకు శాలువా తెప్పించారు. "నిజం చెప్పే లైబ్రరీ! దేశంలోనే ఫస్ట్! రాసుకోండి."

సాంబయ్య రెండు చేతులూ జోడించాడు. "దండం సారూ. ఇంకొక్కటి. మొదటి రోజు మీరడిగిన మీ పుస్తకం సుత అడుగుండ్రి. పేపర్ల ఫొటో మంచిగొస్తది."

చైర్మన్ గారు దగ్గేలోపే ప్రణయ్ అడిగేశాడు.

"లేదు," అంది జ్ఞానేశ్వరి.

సగం విప్పిన శాలువాను మళ్లీ మడతపెట్టారు.

సాయంత్రం నా షాపుకు రెండు ఆర్డర్లు వచ్చాయి. మొదటిది, జమున సస్పెన్షన్ రద్దు. రెండోది, జమున సస్పెన్షన్. నేరం: ఏడో బీరువా, రెండో అరలోని అమూల్య గ్రంథాన్ని మాయం చేయడం.

ఒక్క సంతకంతో మూడు వందల పన్నెండు పుస్తకాల నేరం మాఫీ! ఇంత ఉదారుణ్ని నేనింకెక్కడా చూడలేదు.