ఎవరి మాటా వినని సర్వర్

టిఫిన్ చల్లారేలోపు ఆఫీసు సర్వర్‌ను కట్టుదిట్టం చేసేద్దామని ఆ ఉదయం ఓంకార్ అనుకున్నాడు. మదీనాగూడలో ఇంటి నుంచే అతని పని. భార్య హర్షిణిదీ అదే కంపెనీ. కస్టమర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ చూపించడానికి ఆమె అప్పటికే నానక్‌రామ్‌గూడ ఆఫీసుకు వెళ్లింది. తన డెమో అయ్యేదాకా సర్వర్‌ను ముట్టుకోవద్దని వెళ్తూ వెళ్తూ మరీ చెప్పింది. ఆ మాట పని తెలియనివాళ్ల కోసమని ఓంకార్ అర్థం చేసుకున్నాడు.

దారి మళ్లించే దాడుల గురించి ముందురోజే ఏదో చదివాడు. దొంగ మధ్యలో నిలబడి ఇటు రమ్మంటే సర్వర్ గుడ్డిగా వెళ్లిపోకూడదు. ఆ సెట్టింగు మార్చాడు. బాగానే ఉంది. అక్కడితో ఆగితే ఓంకార్ ఎందుకవుతాడు? ఇంకొకటి కూడా బిగించాడు: జవాబు వెళ్లే దారిన కాకుండా వేరే దారిన వచ్చిన మాట ఎవరిదైనా సర్వర్ వినకూడదు.

ఆ సర్వర్‌కు రెండు లైన్లున్నాయి. అందరూ కొత్త లైన్లో వస్తారు, జవాబులు మాత్రం పాత లైన్లో పోతాయి. ఆ ఏర్పాటు చేసింది ఓంకారే. ఎంటర్ నొక్కాక గుర్తొచ్చింది. అప్పటికే సర్వర్ అందరికీ తలుపు మూసేసింది, మొదట అతనికే.

హర్షిణి ఫోన్ చేసింది. కస్టమర్లు కూర్చున్నారని, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదని గొంతు తగ్గించి చెప్పింది. నిజం చెబుదామనే ఓంకార్ నోరు తెరిచాడు. వేరే మాట వచ్చింది.

"ఎవరో అటాక్ చేస్తున్నట్టుంది. ఫికర్ చెయ్యకు, నేనొస్తున్న."

అతను ఆటో ఎక్కేసరికి ఆ మాట మేనేజర్ చలపతిరావు చెవిన పడింది. ఆయన అందరి కంప్యూటర్లూ ఆపించాడు. ఎవరో ముందుజాగ్రత్తగా కాఫీ మిషన్ ప్లగ్గు కూడా పీకేశారు. ఆఫీసు గ్రూపులో మెసేజీలు ఆగడం లేదు. ఆటో కొండాపూర్ దాటేసరికి దాడి చేసినవాళ్లు విదేశీయులయ్యారు, నానక్‌రామ్‌గూడ చేరేసరికి ముఠా అయ్యారు, ఓంకార్ రక్షకుడయ్యాడు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి లోపలే వదిలేసిన కాపలాదారుకు ఇంత మర్యాదేమిటని ఓంకార్ తనను తానే తిట్టుకున్నాడు.

ఆఫీసులో అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. సర్వర్ గదిలో నేరుగా దాని ముందే కూర్చుని, తను పెట్టిన సెట్టింగు తీసేశాడు. అన్నీ లేచాయి. బయట చప్పట్లు మోగాయి. అవి విన్నాకే అతనికి చెమట పట్టింది.

చలపతిరావు ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు. "పోలీసులకు చెప్పేస్తున్నానండి. వాళ్లు ఎక్కడున్నారో తెలిసిందా?"

పక్కనే హర్షిణి నిలబడి ఉంది. బాగుచేస్తానని మిక్సీ పాడుచేసిన రోజు కూడా మొగుడి మొహం ఇలాగే ఉండటం ఆమెకు గుర్తుంది.

"మదీనాగూడల, సార్."

"అంత దగ్గరా? ఏ కాలనీ అండీ?"

"మా ఇల్లే, సార్. నేనే చేసిన."

కస్టమర్ల తరఫున వచ్చిన పుణ్యవతి అసలేం చేశావని అడిగింది. రెండు లైన్ల సంగతితో సహా ఓంకార్ అంతా చెప్పాడు. ఆవిడ చాలాసేపు నవ్వింది.

"మా ఆఫీసులోనూ నిరుడు ఇలాగే అయిందండీ. ఆ దొంగ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాం. ఒప్పుకునే మనిషి ఇక్కడే దొరికాడు. అమ్మా హర్షిణీ, డెమో మొదలుపెట్టు."

డెమో బాగా జరిగింది, వాళ్లు కొంటామన్నారు. తిరుగుదారంతా హర్షిణి ఫోన్లో ఏదో నొక్కుతూ కూర్చుంది. ఆ సాయంత్రానికల్లా ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మారిపోయింది. ఎవరు మార్చారని ఓంకార్ అడగలేదు.