కనబడకూడని కన్నాలు

ఒక పెద్ద అడవిలో, అంటే పంచాయతీ ఆఫీసు ఏ చెట్టు కింద ఉందో సగం జంతువులకి తెలియనంత పెద్ద అడవిలో, ఎర్రగట్టు అని ఒక ఏటవాలు ఉండేది. దాని కింద ఇరవై కుటుంబాలు బొరియలు తవ్వుకుని కాపురం ఉంటున్నాయి. కుందేళ్లు, పందికొక్కులు, ఉడుములు, వాటి మధ్య ఒక అలుగు. ఆమె పేరు గంగులమ్మ. ఒంటి నిండా పొలుసులు, చేతులకి పొడుగాటి గోళ్లు. చీమలు తిని బతకడం, తవ్వుకోవడం తప్ప ఎవరి జోలికీ పోయేది కాదు. ఒక్కగానొక్క బిడ్డని తోక మీద ఎక్కించుకుని తిరిగేది.

పోయిన వానాకాలంలో గట్టు మీది మట్టి జారి మూడు బొరియల్ని కప్పేసింది. లోపల చిక్కుకున్న కుందేలు చిట్టెమ్మనీ పిల్లల్నీ గంగులమ్మే తవ్వి బయటికి తీసింది. అప్పటి నుంచి ఆకాశంలో మబ్బు కనబడితే ఆమెకి తిండి సయించేది కాదు. ఎండలు ముదరగానే బిడ్డని తోక మీద పెట్టుకుని పంచాయతీకి వెళ్లింది.

పంచాయతీ అధ్యక్షుడు జాంబయ్య అనే ఎలుగుబంటి. అర్జీ అంతా ఓపిగ్గా విన్నాడు.

"గట్టు మీ మీదికి వచ్చిందా, మీరు గట్టు కిందికి వెళ్లారా?" అని అడిగాడు.

"మా తాతల నాటి నుంచీ అక్కడే ఉన్నామండి."

"అయితే తప్పు గట్టుదే. మట్టి జారకుండా కాంక్రీటు గోడ కట్టిద్దాం."

పని ఇంత తేలిగ్గా అయిపోతుందని గంగులమ్మ అనుకోలేదు. దారంతా బిడ్డతో గోడ కబుర్లే చెప్పుకుంటూ ఇంటికి వచ్చింది.

గోడకి ప్లాను గీసే పని కొంగ ఇంజనీరుకి పడింది. కొంగకి చదువు ఉంది, పొడుగు కాళ్లు ఉన్నాయి, పై వాళ్లతో తగువు పడే అలవాటు మాత్రం లేదు. ప్లాను తెచ్చి సభలో పరిచాడు.

"పునాది నా కాలంత లోతు ఉండాలండి. గోడ వెనక కంకర పోయాలి. గోడకి అడుగడుగునా కన్నాలు పెట్టి, వాటిలో వెదురు గొట్టాలు బిగించాలి."

"గోడకి కన్నాలా?" అన్నాడు జాంబయ్య. "ప్రారంభోత్సవానికి పక్క అడవి వాళ్లని పిలుస్తున్నాం. వాళ్లకి కన్నాల గోడ చూపించమంటావా?"

"వాననీరు మట్టిలోకి దిగి గోడ వెనక చేరుతుందండి. దానికి దారి ఇవ్వకపోతే గోడనే తోసేస్తుంది."

"నీళ్లని ఆపడానికే కదయ్యా గోడ?"

"మట్టిని ఆపడానికండి. నీళ్లని వదిలెయ్యాలి."

"ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని వదిలే గోడని నేనెక్కడా చూడలేదు," అన్నాడు జాంబయ్య.

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. చివరికి కొంగ, "నాకు తోచింది చెప్పాను, ఆపైన తమ చిత్తం," అని ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నాడు. ఎవరి మాటా పోకుండా సభ ఒక తీర్మానం రాసింది. 'గోడకు కన్నములు ఉండవలెను. అవి కనబడరాదు.'

తర్వాత కాంట్రాక్టరు ఎంపిక. కనీసం మూడు గోడలు కట్టిన అనుభవం ఉండాలని షరతు పెట్టారు. పనికి ఇద్దరు వచ్చారు. ఒకరు మట్టిగూళ్లు కట్టే కందిరీగ. రెండోవాడు వరాహమూర్తి అనే అడవిపంది.

"నేను కట్టిన గూళ్లు మూడువందల దాకా ఉన్నాయండి. ఒక్కటీ రాలలేదు," అంది కందిరీగ.

"గూళ్లు గోడలు కావు," అన్నాడు జాంబయ్య. "నువ్వు చెప్పవయ్యా."

వరాహమూర్తి మూడు సర్టిఫికెట్లు బల్ల మీద పెట్టాడు. మూడూ వాగు దగ్గర కట్టిన ఒకే గోడవి. అది రెండుసార్లు పడిపోయింది, మూడుసార్లు కట్టాడు.

"గోడ ఎందుకు పడుతుందో పడ్డ గోడని చూసినవాడికే తెలుస్తుందండి. ఆ అనుభవం నాకు రెండింతలు ఉంది," అన్నాడు.

సభ తలలూపింది. వెనక వరసలో కూర్చున్న గంగులమ్మ మెల్లగా లేచింది. "మూడోసారి కట్టింది నిలబడిందాండి?"

"ఇంకా వానలు పడలేదమ్మా," అన్నాడు వరాహమూర్తి మర్యాదగా.

పని అతనికే ఇచ్చారు.

గంగులమ్మ రోజూ వెళ్లి పని చూసేది. పునాది గొయ్యి కొంగ మోకాలి దాకా వచ్చేసరికి తవ్వడం ఆపేశారు. అడిగితే కింద రాయి తగిలిందన్నాడు వరాహమూర్తి. గంగులమ్మ గొయ్యిలోకి దిగి గోటితో గీరి చూసింది. మెత్తటి మట్టి. ఆ మాట కొంగతో చెప్పింది.

"రాయి అని రిజిస్టరులో రాసేశారమ్మా," అన్నాడు కొంగ, గొయ్యి వైపు చూడకుండా. "ఇప్పుడు మట్టి అంటే మళ్లీ మొదటి నుంచి రావాలి."

గోడ వెనక కంకర బదులు తవ్విన మట్టినే తోసి, పైన ఎండుటాకులు కప్పారు. వెదురు గొట్టాలు మాత్రం ప్లానులో ఉన్న నలభై ఒకటీ బిగించారు. తీర్మానం ఉంది కాబట్టి వాటి మూతుల మీద సిమెంటు పూసి, ఆ పైన తెల్లసున్నం వేశారు. గోడ అద్దంలా మెరిసింది. పక్క అడవి వాళ్లు వచ్చి, చెయ్యి వేసి చూసి, ఎక్కడా చిన్న గీత కూడా లేదని మెచ్చుకుని వెళ్లారు.

వానలు మొదలైన నాలుగో రోజు పొద్దున, గోడ పక్కన ఆడుకుంటున్న చిట్టెమ్మ పిల్లలు పరిగెత్తుకొచ్చారు. గోడకి పొట్ట వచ్చిందన్నారు. గంగులమ్మ వెళ్లి చూసింది. మధ్యలో గోడ నిజంగానే ముందుకి ఉబ్బింది. చెవి ఆనిస్తే లోపల నీళ్లు గుడగుడమంటున్నాయి. తడుస్తూ ఆఫీసుకి పరిగెత్తి కొంగని వెంటబెట్టుకొచ్చింది.

కొంగ గోడని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"కన్నాలు తెరవాలి. సాయంత్రం లోపల తెరవకపోతే నిలవదు."

"తెరిపించండి బాబూ."

"తెరిస్తే కనబడతాయి కదమ్మా. కనబడకూడదని తీర్మానం. దాన్ని మార్చాలంటే సభ పెట్టాలి, సభకి వారం రోజుల నోటీసు ఇవ్వాలి." గొంతు తగ్గించి, "మొదటి వరస నేల నుంచి జానెడు ఎత్తులో ఉంటుంది," అని చెప్పి ఎగిరిపోయాడు.

గంగులమ్మ బిడ్డని చిట్టెమ్మకి అప్పగించి, పిల్లల్నందరినీ ఎదురుగా ఉన్న దిబ్బ మీదికి తీసుకుపొమ్మంది. తర్వాత వంగి గోళ్లతో సున్నం గీకింది. సిమెంటు పెళ్లగించింది. గొట్టంలో బిగుసుకున్న మట్టిని బయటికి లాగింది. ఎర్రటి నీళ్లు బుస్సుమని ముఖాన కొట్టి ఆమెని వెల్లకిలా పడేశాయి. లేచి రెండోదాని దగ్గరికి వెళ్లింది. ఉడుములు వచ్చాయి, పందికొక్కులు వచ్చాయి. ఎక్కడ గీకాలో గంగులమ్మ చూపించింది, మిగిలినవాళ్లు గీకారు. ఆమె గోళ్లు రెండు విరిగాయి. సాయంత్రానికి నలభై ఒక్క కన్నాలూ కాలవల్లా పారుతున్నాయి. పొట్ట అలాగే ఉంది కానీ గోడ పడలేదు. ఇళ్లు తడిశాయి కానీ ఉన్నాయి.

మూడు రోజుల తర్వాత గంగులమ్మకి నోటీసు వచ్చింది. పంచాయతీ గోడని పాడు చేసిన నేరం.

"గోడకి నలభై ఒక్క కన్నాలు పెట్టింది నువ్వేనా?" అని సభలో అడిగాడు జాంబయ్య.

"పెట్టలేదండి. ఉన్నవే తెరిచాను."

వరాహమూర్తి లేచాడు. "నా గోడ గట్టిది కాబట్టి ఇన్ని దెబ్బలకి కూడా పడలేదండి. తమరు ఊఁ అంటే రేపే పూడ్చేస్తాను."

సభ అతని గోడ గట్టిదనాన్ని మెచ్చుకుంది. కన్నాలు పూడ్చాలని తీర్మానం రాయబోతూ, ముద్దాయి ఏమైనా చెప్పుకుంటుందా అని మాటవరసకి అడిగారు.

గంగులమ్మ కట్టు కట్టిన చేతులు జోడించింది.

"పూడ్చండి. నాదొక్క మనవి. పూడ్చాక ఈ వానలు వెళ్లేదాకా కాంట్రాక్టరు గారిని కుటుంబంతో మా పక్కన ఉండమనండి. గోడ మధ్యభాగానికి ఎదురుగా మంచి స్థలం ఉంది. ఆయన అక్కడుంటే మా అందరికీ ధైర్యం."

జాంబయ్య ముఖం వికసించింది. "సబబుగా ఉంది. వరాహమూర్తీ, ఆ స్థలం పంచాయతీ తరఫున నీకు బహుమానం. ఇవాళే సామాను దింపు."

వరాహమూర్తి కూర్చోబోయి మళ్లీ లేచాడు. బయట వాన పడుతోంది. అతను గంగులమ్మ వైపు చూశాడు, కొంగ వైపు చూశాడు. కొంగ కళ్లు మూసుకుని ఉన్నాడు.

"అయ్యా," అన్నాడు వరాహమూర్తి, "ఆ కన్నాలు పెట్టింది నేనే. గోడకి గాలి ఆడాలని. ఇది కొత్త పద్ధతి. ఆవిడ చేసింది కొంచెం ముందుగా తెరవడం, అంతే. దయచేసి పూడ్పించకండి. వీలుంటే ఇంకో నలభై పెడతాను. ఊరికే పెడతాను. వెనక కంకర కూడా పోస్తాను."

అన్నమాట ప్రకారం ఆ నెలలోనే అన్నీ చేశాడు. స్థలం వద్దంటే జాంబయ్య ఊరుకోలేదు, సామాను దింపించాడు. వాన చినుకు పడితే చాలు, వరాహమూర్తి గొడుగు వేసుకుని గోడ పొడుగునా తిరుగుతూ ఒక్కో గొట్టంలోనూ పుల్ల పెట్టి కెలికేవాడు.

గాలి ఆడే గోడ కనిపెట్టినందుకు అతనికి సభలో శాలువా కప్పారు. అనుమతి లేకుండా తెరిచినందుకు గంగులమ్మని మందలించి వదిలేశారు. ఆమెకి అదేమీ పట్టలేదు. ఆ రోజు భోరున వాన కురుస్తుంటే, బిడ్డని పొట్ట కింద పెట్టుకుని ముడుచుకుని పడుకుని హాయిగా నిద్రపోయింది.

నీతి: గోడ సరిగ్గా కట్టనివాడిని ఎన్నడూ శిక్షించకూడదు, దాని కిందే ఇంటిస్థలం ఇచ్చి గౌరవించాలి.