మంచు ఫ్యాక్టరీ మీద టవరు

తుపానుకు కొత్తమొగ రేవులో వైర్‌లెస్ టవరు కూలిపోయింది. మర్నాడు ఉదయం ఆరుంబావుకి, ఎండుచేపలు తిరగేస్తున్న మైలపల్లి కాసులమ్మ టవరుగా మారింది.

కాకిని అదిలించడానికి కుడిచెయ్యి ఎత్తిందావిడ. పదకొండు కిలోమీటర్ల అవతల ఇంజను ఆగిన పడవలోంచి, దాన్ని నడిపే సరంగు మాట ఆవిడ నోట్లోంచి వచ్చింది. చెయ్యి దించితే ఆగింది. మళ్ళీ ఎత్తి, "ఎక్కడున్నార్రా?" అనడిగితే అతను బదులిచ్చాడు. ఇంకో పడవ వెళ్ళి దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది.

మధ్యాహ్నానికి వైర్‌లెస్ ఇంజనీరు పరాంకుశం టేపు పట్టుకుని వచ్చాడు. మోచేతి నుంచి వేలికొస దాకా నలభై ఎనిమిది సెంటీమీటర్లు. పడవలు మాట్లాడుకునే అల పొడవు సుమారు రెండు మీటర్లు. దానికిది నాలుగో వంతు. "కొలత కుదిరిందమ్మా," అని ఫారం నింపాడు. టవరు రకం: తాత్కాలికం. తుప్పు: లేదు.

ఈ అలలు తిన్నగా పోతాయనీ, భూమి వంపు తిరిగి ఉంటుందనీ, ఎత్తు పెరిగితే దూరం పెరుగుతుందనీ చెప్పి ఆవిణ్ణి మంచు ఫ్యాక్టరీ డాబా ఎక్కించాడు.

మూడోరోజు మళ్ళీ గాలి లేచింది. ఏడు పడవలు నీళ్ళమీదే ఉన్నాయి. ఆరు పలికాయి. ఏడోది కాసులమ్మ మొగుడు లచ్చన్నది. అది పలకలేదు.

"ఎత్తు సాల్లేదు బాబూ. నాను నీళ్ళటాంకీ ఎక్కుతాను," అందావిడ.

"చెయ్యి నిలువుగా ఉంచాలి. వాలితే మాట సన్నగిల్లుతుంది," అన్నాడు పరాంకుశం.

ముప్ఫై మీటర్ల టాంకీ మీద, వానలో, అయిదు గంటలు చెయ్యి నిలువుగా నిలబెట్టింది. నాలుగో గంటలో ఆవిడ నోట లచ్చన్న గొంతు పలికింది: "దారి కనపడ్డం లేదు!" అదే నోటితో ఆవిడ, "ఉత్తరానికి తిప్పు. ఏటి మొగలో ఇసక మేటేసింది," అంది. ఏడూ ఒడ్డుకొచ్చాయి.

కింద నిలబడ్డ పరాంకుశం చెప్పులు విప్పేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అలల లెక్కలు కట్టాడు. ఇదే గాలిలో లక్ష మాటలు ఒకదాన్నొకటి దాటుకుంటూ, వానను చీల్చుకుంటూ పోతాయని తెలుసు. వాటిలో ఒక మాట ఒక మనిషిని ఇంటికి తేవడం చూడ్డం మాత్రం ఇదే మొదలు.

కొత్త టవరు కావాలని అతను రాశాడు. పైఆఫీసు వెంటనే జవాబిచ్చింది: ఉన్న టవరు అద్భుతంగా పనిచేస్తున్నందున కొత్తది అవసరం లేదు. విమానాలకు కనపడేలా ఎరుపు, తెలుపు పట్టీలు వేయించగలరు.

లచ్చన్నే చీర మీద రంగు వేశాడు. ఊరు కొబ్బరికాయలు కొట్టింది.

లచ్చన్న అన్నం పట్టుకుని టాంకీ పైకెక్కి, "సెయ్యి నొప్పెడతందేటే?" అన్నాడు.

"పెడతంది."

"దిగుతావేటి?"

కాసులమ్మ సముద్రం వంక చూసింది. "నలుగురు నీటిమీదున్నారు. ఎలా దిగడం?"

"అదీ నిజమే," అని లచ్చన్న ముద్ద కలిపి నోటికందించాడు. రెండో ముద్దకు ఆవిడ నోట్లోంచి ఎవరో, "కొత్తమొగా, వినబడతందా?" అన్నారు. అతను ముద్ద చేతిలోనే పట్టుకుని, వాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగాడు.