కూజా తొడుక్కున్న స్వెట్టరు చేయి

వినండి, వేడిగాలికి వెన్నుచూపని వీరజనులారా! సిద్ధార్థి నామ సంవత్సర వైశాఖ మాసమున, ప్రచండ మార్తాండుడు అనంతపురం మెట్టభూములను అట్లపెనంగా మార్చగా, వరుణదేవుడు ఈ జిల్లాకు వచ్చే దారినే మరిచిపోగా, మేకలు సైతం రాతినీడ కోసం కుమ్ములాడుకొనుచున్న ఆ మహోగ్ర నిదాఘవేళ, నలుదిక్కుల నుంచి ఇనుపపట్టాలు వచ్చి పెనవేసుకొను గుంతకల్లు పట్టణమున, రైల్వే కాలనీ మూడవ వరుస క్వార్టర్లలో, తిరుపాలమ్మ అనెడి వీరవనిత స్వెట్టరు అల్లుతోంది. మీరు సరిగ్గానే విన్నారు. స్వెట్టరే.

ఈ ఊలుజబ్బు ఆ కాలనీకి ఎలా అంటుకుందో చెప్పాలి. ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఆఫీసరుగారి భార్య, పొద్దుపోక, రైల్వేవారి క్లబ్బయిన ఇన్‌స్టిట్యూట్ వరండాలో నాలుగు నెలలపాటు ఆడవాళ్ళకు అల్లిక నేర్పింది. చలి అన్న మాటను కథల్లో తప్ప వినని ఊళ్ళో పదహారుమంది స్త్రీలు పిల్లల్ని చంకనేసుకుని, చెమటలు కక్కుతూ ఆ విద్య అభ్యసించారు. ఆఫీసరుగారికి మళ్ళీ బదిలీ అయింది. ఆమె వెళ్ళిపోయింది, ఆమెతో కొలిచే టేపూ వెళ్ళిపోయింది. పదిహేనుమందికి జబ్బు నయమైంది. తిరుపాలమ్మకు ముదిరింది.

సహస్రగ్రంథిబంధనిపుణ అయిన ఆ తల్లి, నాలుగేళ్ళలో ఇంట్లో కంటబడిన ప్రతి వస్తువునూ ఊలుతో జయించింది. రేడియోకు లంగా అల్లింది. గడియారానికి టోపీ, స్టూలు నాలుగు కాళ్ళకు నాలుగు మేజోళ్ళు, లాంతరుకు శాలువా. ఇక అల్లడానికి ఏమీ మిగలక, దిగ్విజయం ముగించిన చక్రవర్తిలా దిగులుపడి, చివరికి మొగుడి మీద పడింది.

మొగుడు లక్ష్మన్న గూడ్సుబండి గార్డు. ఏటా ఇన్‌స్టిట్యూట్ నాటకాల్లో రాజు వేషం వేసేవాడు కావడం చేత ఇంట్లో ఉప్పు అడిగినా సింహాసనం మీది నుంచే అడుగుతాడు. అతనికి ఒక పాత వ్రణముంది. తిరుపాలమ్మ చేతిలోని నాలుగు ఆయుధాలు అతని సైకిలు వెనకచక్రం నుంచి ఊడదీసి, మొనలు అరగదీసిన చువ్వలు. ఆనాటి నుంచి ఆ సైకిలు తాగినవాడిలా నడుస్తోంది. ఒక సోమవారం స్టేషను ముందర అందరూ చూస్తుండగా అతన్ని కిందపడేసింది కూడా. ఆ సాయంత్రం అతడు మోకాలు కుంటుతూ వాకిట నిలిచి, మీసం దువ్వి గర్జించాడు.

“ఓసీ తిరుపాలా! విను! నాలుగేండ్లుగా అల్లతాండావే, నువ్వు అల్లింది నాకు కావల్లని ఒక్క నరమానవుడన్నా చెయ్యి సాచినాడా? బుధవారం మూడుగంటల గూడ్సుకు నేను డ్యూటీ ఎక్కేలోపల ఎవురన్నా నోరు తెరిచి అడిగితే సరి. లేదంటే నా సువ్వలు నా చక్రానికి ఎక్కాల్సిందే!”

“యో రాజా!” అంటూ ఆమె లేచింది. ఒడిలోని ఊలుండ దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. “సంగటి కెలికేది, నీళ్ళకు బిందె పట్టుకోని నిలబడేది, నీ జెండాలు ఉతికేది ఎవురైనా సేస్తారు. ఇది నా ఒక్కదానిది. ఈ సువ్వలు సేతిలో ఉన్నెంతసేపే నేను మడిసి మాదిరి ఉంటా. సూస్తాండు!”

ఆ మాటకు నేను సైతం చేతులు జోడించబోయాను, దాచను. కానీ స్టూలు మేజోళ్ళు గుర్తొచ్చి వెంటనే తేరుకున్నాను.

స్వెట్టరుకు అప్పటికి ఒంటిచేయి మాత్రమే బాకీ. మంగళవారం దానికి ముహూర్తం. ఇక్కడ ఆ కాలనీ కొలతల శాస్త్రం వివరించక తప్పదు. అక్కడ గడియారాన్ని ఎవరూ నమ్మరు. పప్పు పాసింజరుకు పొయ్యెక్కి గూడ్సుకు దిగుతుంది. పిల్లలకు నీళ్ళు ఎక్స్‌ప్రెస్సుకు పోస్తారు. టేపు వెళ్ళిపోయాక ఊలుకు కూడా రైలే కొలత అయింది. పొద్దున ఎనిమిదింటి పాసింజరు కదలగానే భుజం దగ్గర మొదలుపెట్టాలి, రెండింటి మెయిలు కూతపెట్టగానే మణికట్టు దగ్గర ముడి వేయాలి. అది ఒక చేయి. కళ్ళున్నాయి కదా, చూసుకోవచ్చు కదా అంటారా? మీరు రైల్వేవారు కారు.

పాసింజరు కదిలింది. నాలుగు చువ్వలు నాలుగు ఖడ్గాలై తళతళలాడాయి. చెమట కాలువలు కట్టింది. రెండయింది, కూత లేదు. మూడయింది, అయిదయింది, లేదు. ఎక్కడో పట్టాలకు అడ్డంగా ఎద్దులబండి ఇరుసు విరిగి కూలబడిందట. పక్క క్వార్టరు రామాంజినమ్మ, పొరుగింటి పరాభవమే తనకు పండగ అనుకునే ఆ ధూర్తురాలు, గోడ మీది నుంచి తొంగిచూసింది.

“ఏమ్మే తిరుపాలమ్మా, చెయ్యి మోకాలు దాటతాండాదే!”

“మెయిలు రాలేదు గదక్కా,” అంది తిరుపాలమ్మ తలెత్తకుండా. “కూత పడకుండా ముడేస్తే కొలత తప్పుతాది.”

మెయిలు దీపాలవేళకు వచ్చింది. అప్పుడు వేసింది ముడి.

బుధవారం, నలభైరెండు డిగ్రీల మిట్టమధ్యాహ్నం, లక్ష్మన్న ఆ ఊలుకవచాన్ని తొడుక్కున్నాడు. ఎడమచేయి మణికట్టు దగ్గర మర్యాదగా ఆగింది. కుడిచేయి మాత్రం వేళ్ళను మింగి, మోకాలిని దాటి, పిక్కలను పరామర్శించింది. గోడ అవతల రామాంజినమ్మ నవ్వు మూడు వరుసల క్వార్టర్లకు వినబడింది.

“పచ్చజెండా సూపియ్యాలంటే ముందు నా చెయ్యి యాడుండాదో ఎతుక్కోవల్ల!” అని లక్ష్మన్న గొంతు చించుకున్నాడు. “అంతలోకి బండి గుత్తికి పోయింటాది!” స్వెట్టరు విసిరికొట్టి, సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పానా అందుకున్నాడు.

తిరుపాలమ్మ ఏడవలేదు. కత్తెర తీసి ఆ కుడిచేతిని భుజం దగ్గర ఖండించి, అంచు విడిపోకుండా ముడివేసి, ఇల్లంతా గాలించింది. ఏ వస్తువుకు తొడగాలన్నా అది అప్పటికే తొడుక్కుని ఉంది. ఆ ఇంట నగ్నంగా మిగిలింది ఒక్క మట్టికూజా. పాతదై, సన్నని రంధ్రాలన్నీ పూడుకుపోయి, మూడు వేసవులుగా చల్లదనమంటే ఏమిటో మరిచిన నిర్భాగ్య. మెడకు మణికట్టు, పొట్టకు భుజం సరిపోయాయి. మెయిలు ఆలస్యం వల్ల పెరిగిన ఊలంతా రెండు మడతలై దాని చుట్టూ దిట్టంగా కూర్చుంది. ఆమె కూజాను కిటికీలో పెట్టి, ఓడిన సేనానిలా పక్కనే చతికిలబడింది.

రామాంజినమ్మ బర్రెకు పోయడానికి బియ్యం కడిగిన నీళ్ళు పట్టుకుని ఆ దారినే వెళుతోంది. కూజాను చూసి ఆగింది. “అయ్యో పాపం! దీనికి కూడా సలి పెడ్తాండాదా? ఉండు, తానం సేపిస్తా!” అని చెంబుడు నీళ్ళు దాని నెత్తిన కుమ్మరించింది. ఆ కరువులో, బర్రె నోటి నీళ్ళు తీసి ఎగతాళికి ఖర్చుపెట్టిందంటే ఆమె అక్కసు ఎంతటిదో మీరే ఊహించండి.

ఊలు ఆ నీళ్ళను ఆఖరి చుక్కదాకా తాగింది. కిటికీలోంచి వడగాలి రివ్వున వీచింది. అలా ఒక గంట గడిచింది.

చక్రం విప్పడంలోనే నీరసించిపోయిన లక్ష్మన్న లోపలికి వచ్చి, అలవాటుగా కూజా వంచి లోటా నింపుకుని తాగాడు. ఆగాడు. లోటాలోకి చూశాడు. మళ్ళీ తాగాడు.

“ఏమే, ఇది మన కూజానేనా?”

“యాడ, సూస్తాం,” అంటూ రామాంజినమ్మ గోడ దాటి వచ్చింది. ఎగతాళికి ఇంకొంచెం మేత దొరుకుతుందని వచ్చింది, దాహానికి కాదు. ఒక్క గుక్క తాగింది. లోటా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా అంది.

“ఇంగొక లోటా పొయ్యి.”

అంతలో మూడుగంటల గూడ్సు పిలుపు వినబడింది. లక్ష్మన్న జెండాలు చంకనబెట్టుకుని, రెండోచేతిని కూజా వైపు సాచాడు. తిరుపాలమ్మ దాన్ని వెనక్కి లాక్కుంది.

“కావల్లంటే నోరు తెరిచి అడుగు.”

ఎన్ని నాటకాల్లో ఎన్ని రాజ్యాలు పోగొట్టుకున్నా తలవంచని ఆ మహారాజు నేలచూపులు చూశాడు. “ఇయ్యి తిరుపాలా,” అన్నాడు మెల్లగా. “దోవలో దప్పికయితాది.”

ఆమె ఇచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది కూడా, ఇప్పుడు.

మర్నాడు పొద్దున పాసింజరు కదిలేసరికి ఆమె గుమ్మం ముందు ఊలు తొడుగు కోసం వచ్చిన మూడు కూజాలున్నాయి. మొదటిది ఎవరిదో నేను చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఏమీ ఎరగనట్టు, మెయిలు సరిగ్గా వేళకు వచ్చి కూతపెట్టింది.

కావున లోకులారా, చాటుతున్నాను, చెవులొగ్గి వినండి! నాలుగేళ్ళ ఘోరసంగ్రామమున, ఊలుండలెన్నో నేలకూలగా, ఒక సైకిలు జీవితాంతం కుంటిదైపోగా, ఒక స్వెట్టరు ఒంటిచేతితో మిగలగా, తిరుపాలమ్మ సాధించిన దిగ్విజయం ఇది: ఒక కూజా నీళ్ళు చల్లబడెను. ఆ మధ్యాహ్నం మెయిలు కూత విని రామాంజినమ్మ గోడ మీది నుంచి “ముడెయ్యవా?” అని అరిచింది. తిరుపాలమ్మ తలెత్తి రైలు వైపు ఒక్కసారి, ఎదుటి కూజా పొట్ట వైపు ఒక్కసారి చూసి, ముడి వేయకుండా అల్లుతూనే ఉంది.