ముగ్గురికీ తొమ్మిదేళ్ళు

హైమావతి ముగ్గురు పిల్లలకీ ఆ సోమవారం మధ్యాహ్నం, ప్రభుత్వ ఖర్చుతో, తొమ్మిదేసి ఏళ్ళు చేశారు. అంతకుముందు పెద్దమ్మాయి లహరికి పద్నాలుగు, అబ్బాయి కౌశిక్‌కి తొమ్మిది, చిన్నది శాన్వికి నాలుగు ఉండేవి. ఇందులో నోరెళ్ళబెట్టాల్సింది ఏమీ లేదు. ఇంట్లోనే చదువు చెప్పుకునే కుటుంబాలకి ఆ జిల్లాలో ఇదే పద్ధతి. సిలబస్ మారదు, ఎందుకంటే అది పైనుంచి వస్తుంది. పిల్లలు కింద ఉంటారు కాబట్టి మారాల్సింది వాళ్ళే. పెద్దదాని గౌను చిన్నదానికి దిగితే ఎవరూ బుగ్గలు నొక్కుకోరు. వయసు దిగితే మాత్రం నొక్కుకోవడం దేనికి?

హైమావతి భర్త ఫణీంద్ర వంతెనలు కట్టే కంపెనీలో సూపర్‌వైజరు. వంతెన పూర్తవగానే ఊరు మారాలి. పిల్లలు బడికి అలవాటు పడేలోపే సామాను లారీ ఎక్కేది. ఏ ఊరి బళ్ళో చేర్చినా అక్కడ నీటిచక్రం పాఠమే జరుగుతూ ఉండేది. లహరికి నీటిచక్రం నిద్రలో లేపి అడిగినా వచ్చుగానీ, భిన్నాలు ఏ ఊళ్ళోనూ తగల్లేదు. పైగా కొత్త బళ్ళో కొత్త పిల్లల మధ్య కూర్చోవడమంటే కౌశిక్‌కి కడుపునొప్పి వచ్చేది, నిజం నొప్పే. విసిగిపోయిన హైమావతి, ఇక బడీ వద్దు గిడీ వద్దు, నేనే చెప్పుకుంటాను అని కొంగు బిగించింది.

ఆవిడ చదువు చెప్పే చోటు వంటింటి గట్టు. అట్ల పిండికి పప్పు నానబోసేటప్పుడు శాన్వి రాళ్ళు ఏరి లెక్కపెట్టేది. ఒక వంతు పప్పుకి మూడు వంతుల బియ్యం అంటే మొత్తంలో పప్పు ఎంత భాగమో కౌశిక్ చెప్పాలి. పొద్దునకి పిండి ఎందుకు పొంగిందో, ఎందుకు పులిసిందో, ఆ గిన్నెలో కంటికి కనబడకుండా ఎవరు ఏం చేశారో లహరి చెప్పాలి. పిండి ఒకటే, పాఠాలు మూడు. అన్నీ అయ్యాక అందరూ అట్లు తినేవారు. పెద్దపిల్ల చెబుతుంటే నడిమివాడు వినేవాడు, నడిమివాడు చెప్పిందల్లా చిన్నది తనకే తెలుసన్నట్టు తిప్పి చెప్పేది. ఇంతకన్నా మంచి పాఠ్యప్రణాళికని నేనైతే చూడలేదు. కానీ నా మాట మీద ప్రభుత్వ ముద్ర ఉండదు కదా.

లహరి పదో తరగతి పరీక్ష రాయాలంటే మాత్రం ముద్ర కావాలి. ఇంట్లో చదివే పిల్లలు ముందుగా గృహవిద్యా సర్దుబాటు కార్యాలయంలో నమోదు కావాలి. లేకపోతే వాళ్ళు చదువుకోని పిల్లల కిందే లెక్క. అందుకని హైమావతి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడి అధికారి గున్నేశ్వరరావు మంచి మనిషి. కోనసీమవాడు, మాట మెత్తన. అట్లపిండి పద్ధతి మొత్తం ఓపిగ్గా విని, నిజంగానే ముచ్చటపడ్డాడు.

"బాగుందండి, చాలా బాగుంది. మా ఆవిడకి కూడా చెప్తాను. కానీ నమోదుకి కుదర్దండి."

"ఏంటండి కుదరంది?"

"ఒక తల్లికి ఒకటే సిలబస్సండి. మీకేమో మూడు వయసులు, అంటే మూడు సిలబస్సులు. మూడింటికీ ముగ్గురు తల్లులుండాలి. మీరు ఒక్కరే కనిపిస్తున్నారు."

"నేనొక్కదాన్నే కన్నానండి ముగ్గుర్నీ."

"కనడం వేరే శాఖండి," అన్నాడాయన నొచ్చుకుంటూ. "పోనీ ఇంట్లో ఇంకెవరైనా ఆడవాళ్ళున్నారా? అత్తగారూ అలాగ?"

అత్తగారు సుభద్రమ్మ ఉన్నారు. కానీ ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు, మూడో తరగతిలో బడి మానేసిన చరిత్ర. గున్నేశ్వరరావు పెదవి విరిచాడు. ఇక మిగిలిన దారి ఒక్కటేనని చెప్పాడు. తల్లిని మూడు చెయ్యలేం కాబట్టి పిల్లల్ని ఒక్కటి చెయ్యాలి.

హైమావతి ఆలోచించింది. చెయ్యక తప్పదంటే అందరినీ పద్నాలుగు చేసెయ్యమంది, పరీక్ష ఒక్కసారితో అయిపోతుందని. అధికారి నవ్వాడు. ఎక్కడినుంచి తెస్తామండి అన్నేళ్ళు, అన్నాడు. అన్నదమ్ముల పంపకాల్లో ఉన్న పొలాన్నే పంచుకుంటారు గానీ పక్కవాడి చేను కలుపుకోరు కదా. ఇంట్లో ఉన్న ఏళ్ళనే సర్దుకోవాలి. ఆయన కాగితం మీద కూడి, మూడుతో భాగించి, పిల్లల వంక మెచ్చుకోలుగా చూశాడు.

"తొమ్మిదేసి! ఎంత చక్కగా కుదిరిందో చూశారా? చాలా ఇళ్ళల్లో నెలలు మిగిలిపోతాయండి. ఆ నెలలు ఎక్కడ పెట్టాలో తెలీక చచ్చిపోతున్నాం. మీ బాబునైతే అసలు ముట్టుకోనక్కర్లేదు. పెద్దపాపకి ఐదు తీసి చిన్నపాపకి కలిపితే సరి. పదో తరగతి పరీక్ష ఐదేళ్ళాగి ముగ్గురూ కలిసే రాసేస్తారండి."

"చిన్నది ఇంకా చంకలో పిల్లండి," అంది హైమావతి.

"ఎప్పటికైనా పెరగాల్సిందే కదమ్మా," అన్నాడాయన.

టీకాలు వేసే గదిలాంటి గదిలో పిల్లల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఒకరి చెయ్యి ఒకరిని పట్టుకోమన్నారు. నొప్పి లేదు. లహరి జడ కొంచెం పొట్టిదైంది, జబ్బల దగ్గర జాకెట్టు వదులైంది, మొహం మీద మొటిమలు పోయాయి. శాన్వి కాళ్ళు చెప్పుల్లోంచి బయటికొచ్చేశాయి. పాలపళ్ళు ఒకటొకటిగా ఒళ్ళో రాలాయి. ఆ పళ్ళు ఏరి హైమావతి కొంగున ముడేసుకుంది. ఒక్కో పన్నుకీ ఒక్కో ఏడుపు, ఒక్కో బుజ్జగింపు, ఇంటిమీదకి విసిరే పండగ ఉండాల్సింది. అవన్నీ కాఫీ తాగినంతసేపట్లో అయిపోయాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో శాన్వి అలవాటుగా తల్లి ఒళ్ళోకెక్కింది. కాళ్ళు నేలకి తగులుతున్నాయి.

"ఏంటమ్మా, ఇంత పెద్దపిల్లని ఒళ్ళో ఏసుకున్నారు? పక్కన ఖాళీ ఉందిగా, కూకోబెట్టండి," అన్నాడు ఆటో అతను.

హైమావతి వినిపించుకోలేదు. తొడలు మొద్దుబారినా ఇల్లొచ్చేదాకా దింపలేదు.

నిజం ఒప్పుకోవాలి, చదువు మాత్రం బ్రహ్మాండంగా సాగింది. అయిదో తరగతి పుస్తకాలు ఒక్క కట్ట చాలు. ఒకసారి చెబితే ముగ్గురికీ చెప్పినట్టే. హైమావతికి పెళ్ళయ్యాక మొదటిసారి మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే తీరిక దొరికింది. ఫణీంద్ర సైటు నుంచి ఫోన్ చేసి, "బాగుందే, ముగ్గురికీ ఒకే సైజు బట్టలు," అని సంతోషించాడు. సుభద్రమ్మకి ఎలాగూ మసకగా కనిపిస్తారు కాబట్టి, ఎవరు దొరికితే వాళ్ళకి నూనె రాసి జడేసేసేది. ఒకసారి కౌశిక్‌కి కూడా రాసింది, జడకి జుట్టు చాలక వదిలేసింది.

చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. శాన్వి అక్కా అని పిలవడం మానేసింది. ఇద్దరికీ తొమ్మిదే అయినప్పుడు అక్కేంటి అంది. న్యాయమే. లహరికి వయసు తగ్గింది గానీ తెలిసినవి తగ్గలేదు. నాలుగు అరటిపళ్ళ లెక్కని ఎక్స్ అనుకుని చేసేది. కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు, ముందే తెలిసినది తప్పు కింద పరిగణించబడుతుందని ఎర్రసిరాతో రాసి వెళ్ళారు. లహరి బుద్ధిమంతురాలు, చెప్పిన మాట వినే పిల్ల. శ్రద్ధగా కూర్చుని రోజూ కొంచెం కొంచెం మరిచిపోసాగింది. మొదట ఎక్స్ పోయింది, తర్వాత గుండెలో గదులు పోయాయి.

శాన్వికి వేరే కష్టం. నాలుగు తర్వాత తొమ్మిదే చూసింది, మధ్యలోది ఏమీ తెలీదు. ఒకరోజు అన్నని అడిగింది.

"ఒరేయ్, ఐదేళ్ళప్పుడు ఏం చేస్తార్రా?"

కౌశిక్ చాలాసేపు ఆలోచించాడు. "సైకిల్ మీంచి పడతారు," అన్నాడు.

శాన్వి వీధిలోకి వెళ్ళి, పక్కింటి సైకిలెక్కి, పడి, మోకాలు చెక్కుకుని, ఏడవకుండా ఇంట్లోకొచ్చింది. "ఆరేళ్ళప్పుడో?" అని అడిగింది. హైమావతి గడపలో నిలబడి ఇదంతా వింది.

ఆ వారమే ఒక పొద్దున్న, పొంగిన పిండి గిన్నె మూత తీస్తూ, "లహరీ, ఇది ఎందుకు పులిసిందే?" అని అడిగింది పాత అలవాటుగా. లహరి గిన్నెలోకి చూసి, తల్లి వంక చూసి, చాలా మర్యాదగా, "అది మన సిలబస్‌లో లేదమ్మా," అంది.

హైమావతి అట్లు పొయ్యలేదు. స్టవ్వు ఆర్పేసి, చీర మార్చుకుని, పిల్లల్ని తీసుకుని కార్యాలయానికి వెళ్ళింది. ముద్రా వద్దు, పరీక్షా వద్దు, నా పిల్లల ఏళ్ళు నాకు తిరిగి ఇచ్చెయ్యండి అంది. గున్నేశ్వరరావు ఆవిడకి కుర్చీ వేయించి మంచినీళ్ళు తెప్పించాడు.

"కంగారు పడకండి. మొదట్లో తల్లులందరూ వస్తారండి. తర్వాత్తర్వాత రారు."

"అలవాటైపోతుందా?"

"మరేనండి. అయినా ఇదేం కొత్తదనుకుంటున్నారా? బళ్ళల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. క్లాసుకి అరవైమంది, ఎవడి బుర్ర వయసు వాడిది. జూన్‌లో తలుపేసి అందర్నీ ఒకటి చేసేస్తారు. అక్కడ తల్లులు గేటు బయట ఉంటారు కాబట్టి చూడరు. మీరు ఇంట్లో పెట్టుకున్నారు కాబట్టి చూశారు. అంతే తేడా."

తిప్పి ఇవ్వడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఒప్పుకుంటే చాలు. ముందు శాన్విని అడిగాడు. "నాకు నాలుగు కావాలి," అంది శాన్వి వెంటనే. హైమావతి ముఖం వెలిగిపోయింది. తర్వాత లహరిని, నీ ఐదేళ్ళు నువ్వు తీసేసుకుంటావా అమ్మా అని అడిగాడు.

లహరి తల దించుకుంది. "నాకొద్దండి."

"అదేంటే!" అంది హైమావతి.

"పద్నాలుగేళ్ళప్పుడు కనబడినవాళ్ళందరూ ఇంటర్లో ఏ గ్రూపు, ఏ గ్రూపు అని అడిగేవాళ్ళమ్మా. నాకేమో తెలిసేది కాదు. ఇప్పుడు ఎవరూ అడగట్లేదు. చాక్లెట్ ఇస్తున్నారు." పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నన్ను ఇలా ఉండనీమ్మా. ప్లీజ్."

హైమావతికి కూతురి మీద కోపం రాలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల అంత బరువు మోస్తున్నట్టు తనకి తెలియనే లేదే అని తన మీదే కోపం వచ్చింది. తర్వాత ముందుకి వంగింది.

"అయితే ఆ ఐదేళ్ళూ నాకు వేసెయ్యండి. దాన్ని అలా ఉండనిచ్చి, చిన్నదాన్ని మళ్ళీ నాలుగు చెయ్యండి. నాకు ఐదేళ్ళు పెరిగితే ఏమవుతుంది, నాలుగు తెల్లవెంట్రుకలు వస్తాయి."

గున్నేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన నిజంగానే కదిలిపోయాడు. రూలు పుస్తకం తిరగేశాడు. తల్లి మీద ఏళ్ళు వెయ్యడానికి అడ్డేమీ లేదు, తల్లులు అందుకు ఎప్పుడూ అర్హులే. కానీ అక్కడే చిక్కుంది.

"అప్పుడు పాపకి నాలుగవుతాయి కదండి. వేరే సిలబస్సు. అంటే పాపకి వేరే తల్లి కావాలి." ఆయన గొంతు తగ్గించాడు. "తునిలో ఒకావిడ ఖాళీగా ఉన్నారు. మంచావిడ, నాలుగేళ్ళ పిల్లలకి శిక్షణ తీసుకున్నారు. పంపిస్తానంటే ఇప్పుడే రాసేస్తాను."

శాన్వి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. హైమావతి అడగగలిగిన ప్రశ్నలన్నీ అయిపోయాయి.

"వద్దులెండి," అంది చివరికి. "తొమ్మిదే ఉండనివ్వండి."

"మంచి నిర్ణయమమ్మా," అన్నాడాయన. లేచి గుమ్మందాకా సాగనంపాడు.

ఆ సాయంత్రం పాఠం మానలేదు. హాల్లో చాప పరిచి, ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి, పరిసరాల విజ్ఞానం తీసింది. 'మన కుటుంబం' అనే పాఠం. చివర ప్రశ్నలు. మీ ఇంట్లో అందరికన్నా పెద్దవారు ఎవరు అన్నదానికి ముగ్గురూ నాన్నమ్మ అని రాశారు. రెండో ప్రశ్న, మీ ఇంటి పిల్లలలో అందరికన్నా చిన్నవారు ఎవరు. లహరి, కౌశిక్ చకచకా రాసేసి పుస్తకాలు మూశారు. శాన్వి పెన్సిల్ నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, ఇదివరకు నేనే కదా?"

"అవునమ్మా. ఇదివరకు."

"మరి ఇప్పుడేం రాయాలి?"

హైమావతి ఉపాధ్యాయుల కోసం ఇచ్చిన జవాబుల పుస్తకం తెరిచి చూసింది. జవాబు అందులో ఉంది. ఒకసారి గొంతు సవరించుకుంది.

"ఎవరూ లేరు అని రాయి. అక్షరాలు గుండ్రంగా రాయి తల్లీ, మార్కులు పోతాయి."